క్రియ పక్కన చిన్న మాట

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ.

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు నోటీసు ముసాయిదా రెండుసార్లు చదివాను. విషయం చక్కగా కుదిరింది. క్రియ పక్కన వచ్చే చిన్న మాటల దగ్గరే తడబడ్డావు. వాటిని తేలికగా తీసుకోకు తల్లీ.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన మీదికి వస్తోందని తెలిసి, సరుకు తనిఖీని వాయిదా వేస్తూ నేనొక లేఖ రాశాను. ‘పుట్ ఆఫ్’ అనవలసిన చోట ‘కాల్ ఆఫ్’ అన్నాను. మొదటిది వాయిదా, రెండోది రద్దు. తుపాను వెలిసింది, కూలిన చెట్లు తీసేశారు, దారులు తెరుచుకున్నాయి. సరుకు తనిఖీ చేయవలసిన సర్వేయరు మాత్రం రాలేదు. అడిగితే నా లేఖే తీసి చూపించారు. సరుకు మరో వారం యార్డులోనే ఉండిపోయింది. డెమరేజి, అంటే సరుకు ఆలస్యంగా కదిలినందుకు పడే రుసుము, మేమే కట్టాం.

మన ‘పడు’నే చూడు. గుట్టు బయటపడుతుంది, మనిషి ఆపద నుంచి బయటపడతాడు, జనం తిరగబడతారు. వీటిలో ఎవరూ కింద పడటం లేదు కదా! ఇంగ్లీషులోనూ అంతే. ‘లుక్’ పక్కన ‘ఆఫ్టర్’ చేరితే బాగోగులు చూసుకోవడం, ‘ఇంటూ’ చేరితే విచారించడం. కాబట్టి విడివిడిగా అర్థం వెతకకు. రెండింటినీ ఒకే మాటగా, ఒక పూర్తి వాక్యంతో సహా నోటుపుస్తకంలో రాసుకో.

‘పిక్ అప్ హిమ్’ అని రాశావు. సర్వనామం మధ్యలోకి రావాలి: ‘పిక్ హిమ్ అప్’. మనిషి పేరు రాస్తే మధ్యలోనైనా, చివరనైనా ఉంచవచ్చు. ‘లుక్ ఇంటూ’ను మాత్రం ఎప్పుడూ విడదీయకు. తట్టుకోవడం అనే అర్థంలో రాసిన ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ కొట్టెయ్యి. వెనకబడకుండా సాగడం అనే ‘కీప్ అప్ విత్’ అలవాటు కొద్దీ అది చొరబడుతుందని నా అనుమానం. ఎదురుచూడటం అనే ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్’ కాదు, ‘మీటింగ్’. ‘లాగిన్’ కలిపి రాస్తే నామవాచకం. ఆ పని చేయమని చెప్పేటప్పుడు ‘లాగ్’కూ ‘ఇన్’కూ మధ్య ఖాళీ వదలాలి.

తేదీల విషయంలో ఏ కాస్త సందేహం ఉన్నా ‘పోస్ట్‌పోన్’, ‘క్యాన్సిల్’ అనే ఒంటి మాటలే వాడు. ఉత్తరం బిగుసుకుపోతుందని భయపడకు. అందుకున్నవారు ఏ రోజు రావాలో తెలుసుకుంటే చాలు.

ఆదివారం వచ్చేటప్పుడు ఈ వారం రాసిన ఉత్తరాల నకళ్లు తెచ్చుకో. బీచ్ రోడ్డుకు బయలుదేరే ముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ తాతయ్య