సైకిల్ సందేహాలు: పాత ప్యూజోను ఫిక్సీ చేయొచ్చా?

ప్రశ్న: నేను ఫ్రాన్స్‌లో, లియోన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడ వీధి సంతలో 10 గేర్ల పాత ప్యూజో రోడ్ సైకిల్ చవగ్గా దొరికింది. గేర్లన్నీ పీకేసి ఫిక్సెడ్ గేర్ (చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరుగుతూనే ఉండేది, ఫిక్సీ అంటారు) చేద్దామని ఉంది. ఫ్రెండేమో ‘ఫ్రెంచ్ సైకిల్ జోలికి పోకు, ఏ పార్టూ పట్టదు’ అని భయపెడుతున్నాడు. ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) తీసేసి అదే హబ్ (చక్రం మధ్య భాగం) మీద ఫిక్సెడ్ స్ప్రాకెట్ (పళ్ళచక్రం) బిగిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండీ, ఆ ఆలోచన మాత్రం మానుకోండి. ఫిక్సెడ్‌లో మీరు కాళ్ళు వెనక్కి నొక్కిన ప్రతిసారీ ఆ బలం స్ప్రాకెట్‌ను విప్పే వైపు పడుతుంది. ట్రాక్ హబ్‌కు (ఫిక్సెడ్ స్ప్రాకెట్ కోసమే చేసిన హబ్) దీనికోసమే ఎడమ మరతో (ఎడమకు తిప్పితే బిగిసేది) ఒక లాక్‌రింగ్ ఉంటుంది, స్ప్రాకెట్ విడబోతే అది ఇంకా బిగుసుకుంటుంది. ఫ్రీవీల్ హబ్‌కు ఆ రెండో మరే లేదు. పైగా పాత ఫ్రెంచ్ హబ్ మర 34.7 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం). ఇప్పుడు షాపుల్లో దొరికే స్ప్రాకెట్ 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకట్రెండు చుట్లు ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత మర తినేస్తుంది.

కాబట్టి ఫ్లిప్-ఫ్లాప్ ట్రాక్ హబ్ ఉన్న వెనక చక్రం కొనేయండి. మీ అదృష్టం ఏంటంటే, వెనక 5 పళ్ళచక్రాలున్న ఆ కాలం ఫ్రేములో వెనక చక్రం బిగించే రెండు చివర్ల మధ్య దూరం మామూలుగా 120 మి.మీ., ట్రాక్ హబ్‌దీ అంతే, కాబట్టి ఫ్రేమును వంచే పనే ఉండదు. ఫ్లిప్-ఫ్లాప్ ఎందుకంటే, ఒక వైపు ఫిక్సెడ్, రెండో వైపు పెద్ద ఫ్రీవీల్ పెట్టుకుంటే మీ ఊరి క్రువా-రూస్ కొండ ఎక్కాల్సిన రోజున చక్రం తిప్పి బిగించుకోవచ్చు. టూర్ ద ఫ్రాన్స్‌లో 1937 దాకా డెరెయిలర్‌కు (చైన్‌ను గేరు నుంచి గేరుకు మార్చే పరికరం) అనుమతి లేదు, అప్పటి రేసర్లు కూడా కొండ దగ్గర దిగి ఇదే పని చేసేవాళ్ళు. ముందు 42, వెనక 17 పళ్ళతో మొదలెట్టండి, మీ ఊరికి అంతకంటే బరువైన గేరు వద్దు.

ఇక మీ ఫ్రెండు భయపెట్టేది బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే చోటు) గురించి అయ్యుంటుంది. అక్కడ అతని మాటలో నిజం ఉంది. ఇరుసుకు రెండు వైపులా ఫ్రేములో బిగించే ఫ్రెంచ్ కప్పులు 35 మి.మీ. × 1 మి.మీ., రెండు వైపులా కుడి మరే. ఇంగ్లిష్ పద్ధతి సైకిళ్ళకు చైన్ వైపు కప్పుది ఎడమ మర. ఆ అలవాటులో ఉన్న మెకానిక్ విప్పుతున్నాననుకుని మీ కప్పును ఇంకా బిగించేస్తాడు. కొన్ని ప్యూజోలకు, మోటోబెకాన్‌లకు స్విస్ మర వచ్చింది, కొలత అదే గానీ చైన్ వైపు మళ్ళీ ఎడమ మర! ఇంత టెన్షన్ ఎందుకు, చైన్ వైపు కప్పు జోలికే వెళ్ళకండి. ఎడమ కప్పు ఒక్కటీ విప్పి, ఇరుసు బయటికి లాగి, టార్చి వేసి లోపల చూడండి. బాల్స్ తిరిగే దారి గుంటలు పడకుండా నున్నగా మెరుస్తుంటే చాలు, పాత గ్రీజు తుడిచి, కొత్త పావు అంగుళం బాల్స్ వైపుకు 11 చొప్పున పెట్టి మూసేయండి. క్రాంకులకు (పెడళ్ళు బిగించే కడ్డీలు) కాటర్ పిన్నులుంటే (క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే మేకులు) మన ఊరి సైకిల్ షాపులో కొట్టినట్టు సుత్తితో ఊరికే బాదకండి, క్రాంకు కింద గట్టి ఆసరా పెట్టి కొట్టాలి. కొత్త పిన్నులు కొలిచి కొనండి, ఫ్రెంచ్ వాటిలో 9 మి.మీ.వి కూడా ఉంటాయి, 9.5 దూరదు.

చైన్ బిగింపు దగ్గర తొందరపడొద్దు. క్రాంకు మెల్లగా తిప్పుతూ చైన్ అన్నిటికంటే బిగుసుకునే చోట ఆపి, మధ్యలో వేలితో కదిపి చూడండి, ఒక సెంటీమీటరు ఆడాలి. వదులుగా ఉంటే ఊడుతుంది, ఫిక్సెడ్‌లో ఊడిన చైన్ చక్రాన్ని పట్టేస్తుంది.

చివరగా, ఫ్రేము మీద రేనాల్డ్స్ 531 (మేలురకం ఉక్కు గొట్టాల గుర్తు) స్టిక్కర్ ఉండి పార్టులన్నీ అసలువే అయితే పైదంతా మర్చిపోయి గేర్లతోనే తొక్కండి. అలాంటిదాన్ని ఫిక్సీ చేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: నాదీ అలాంటి ఫ్రెంచ్ సైకిలే, నాంత్‌లో ఉంటాను. కొత్త స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే భాగం) ఫోర్కులోకి దిగట్లేదు, కొత్త పెడల్ కూడా ఎక్కట్లేదు. కొట్టి దించొచ్చా?

జవాబు: వద్దు, ఫోర్కు గొట్టం ఉబ్బిపోతుంది. మీ ఫోర్కుకు 22 మి.మీ. స్టెమ్ కావాలి, మీరు కొన్నది 22.2. లోపలికి వెళ్ళే భాగాన్ని మాత్రం ఎమెరీ కాగితంతో చుట్టూ సమంగా రుద్దండి, అరగంట పని. పెడల్‌ది వేరే కథ. పాత పెడళ్ళ మీద ఆర్, ఎల్ బదులు డి, జి అని ఉంటుంది చూడండి (ద్రువాత్ అంటే కుడి, గోష్ అంటే ఎడమ). అవి 14 × 1.25 మి.మీ., కొత్తవి 9/16 అంగుళం. క్రాంకులో మర మళ్ళీ కోయించుకోవాలి. లెరో సిక్లాజ్ నెట్‌వర్క్‌లోని సహకార వర్క్‌షాపులు ఫ్రాన్స్‌లో చాలా ఊళ్ళలో ఉన్నాయి, సభ్యత్వం కట్టి వాళ్ళ పనిముట్లతో మీరే చేసుకోవచ్చు. ట్యాప్ (మర కోసే పనిముట్టు) ఉందో లేదో ముందే అడగండి.

ప్రశ్న: ఫిక్సీకి బ్రేకులెందుకు, కాళ్ళతోనే ఆపొచ్చుగా?

జవాబు: చైన్ తెగితే దేనితో ఆపుతారు? ఫ్రాన్స్ రోడ్ల మీద చట్టప్రకారం పనిచేసే బ్రేకులు రెండు ఉండాలి. పాత మఫాక్ (ఫ్రెంచ్ కంపెనీ) బ్రేకులుంటే తీయొద్దు, రాయిలా గట్టిపడిన రబ్బర్లు మార్చండి చాలు.