అమ్మలూ, నీ బొంత చూశాను

అమ్మలూ,

నువ్వు పెట్టిన ఫొటో ముందు మీ అమ్మ పంపించింది, తర్వాత మీ బావ పంపించాడు, సాయంత్రానికి మా వాకింగ్ గ్రూపులోకి కూడా వచ్చేసింది. పసుపు పక్కన ఆ నేరేడు రంగు వెయ్యాలని నాకైతే జన్మలో తట్టేది కాదు. చాలా బాగుంది. కానీ కింద "నా సొంత డిజైన్" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు ఫోన్లో అడిగిన దానికి జవాబు చెప్తాను, స్కేలు లేకుండా చేత్తో కోసుకుంటూ కుడుతుంటే నడుమ ఉబ్బిపోతోంది, అంచులు అలల్లా లేస్తున్నాయి అన్నావు కదా.

గుడ్డను నిలువు పోగు వెంబడో అడ్డపోగు వెంబడో కోస్తే పెద్దగా సాగదు, ఏటవాలుగా కోస్తే రబ్బరులా సాగుతుంది. స్కేలు పక్కన పెట్టినప్పుడు సగం కోతలు ఏటవాలుగానే పడతాయి. అందుకని మెషిన్ కింద పట్టీని లాగకు, దాని దారిన దాన్ని పోనీ. ఇస్త్రీ పెట్టెను కూడా రుద్దకు, పైన ఆనించి ఎత్తు. కోసే ముందు గుడ్డకు గంజి పెట్టుకుంటే ఇంకా మాట వింటుంది. ఇంత చేసినా ఉబ్బితే విప్పుకుంటూ కూర్చోకు, ఉబ్బిన చోట అడ్డంగా కోసి, మిగులు గుడ్డ తీసేసి మళ్లీ కలిపి కుట్టు. అక్కడ కొత్త గీత ఒకటి పడుతుంది. అనుకోకుండా పడ్డ ఆ గీతే చాలాసార్లు మొత్తం బొంతలో బాగుంటుంది.

మొదటిసారే మంచమంత బొంత పెట్టుకోకు. జానెడున్నర చదరం చాలు, రంగులు మూడు చాలు. నడుమ అరచేతంత ముక్క పెట్టి దాని చుట్టూ ఒక్కో పక్కన ఒక్కో పట్టీ కలుపుకుంటూ పో, పట్టీలన్నీ ఒకే వెడల్పు ఉండాలని ఎవరూ అనలేదు. కుట్టు లోపలికి మాత్రం పావు అంగుళం కచ్చితంగా వదులు, అందులో స్వేచ్ఛ తీసుకుంటే రెండు ఉతుకుల్లో నోరు తెరుస్తుంది. నాలుగు పట్టీలు పడగానే గోడకు పిన్నులతో తగిలించి, దూరంగా వెళ్లి, ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడు. అందులో అంతా ఒకే బూడిద రంగులో కనిపించిందంటే, రంగులు ఎన్ని ఉన్నా బొంత చప్పగా ఉంటుంది, ఒక ముదురు ముక్కో బాగా లేతదో పడాలి. ఇక పాత చీరలు కలిపేటప్పుడు, ముఖ్యంగా ఎరుపు, తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూడకుండా కత్తెర పెట్టకు. నా తెల్ల బొంత ఒకటి ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంది.

మనవాళ్లు అతుకుల బొంత అనే మాటని తిట్టుగా వాడతారు, పొంతన లేని పనిని అలా అంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఓ నది వంపులో గీస్ బెండ్ అనే ఊరుంది, అక్కడి నల్లజాతి ఆడవాళ్లు కుట్టిన అతుకుల బొంతల్ని 2002లో హ్యూస్టన్‌లో మ్యూజియం గోడల మీద పెట్టారు, తర్వాత న్యూయార్క్‌లో, 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులే వేసింది. నీకు నేను చెప్పిన ఆ నడుమ ముక్క, చుట్టూ పట్టీలు, అది వాళ్ల ఊళ్లో బాగా వాడే కూర్పు. దాన్ని ఇంటికప్పు అని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అది వాళ్ల నుంచి నాకు వచ్చింది, నా నుంచి నీకు.

వాటిల్లో నన్ను కదలనివ్వనిది ఒకటుంది, 1942లో మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడ కుట్టింది. భర్త పోయాక అతని పని బట్టలన్నీ కోసి కుట్టింది, ఆయన్ని తలుచుకుంటూ దాన్ని కప్పుకుని పడుకోవాలని. ఆ సంగతి చెప్పింది ఆవిడ కూతురు ఆర్లోంజియా పెట్‌వే. మన ఇళ్లల్లోనూ అంతే కదా, నానమ్మ బొంత పరిస్తే ఇది పెద్దత్త పురుటికి కట్టుకున్నది, ఇది తాతయ్య పంచె అని ముక్కముక్కకీ మనిషి పేరు చెప్పేది.

పేరంటే గుర్తొచ్చింది. ఆ ఊళ్లో పెట్‌వేలు ఎక్కువ. పూర్వం ఆ ఊళ్లో ఉన్న పత్తి తోట యజమాని ఇంటిపేరు అది, అతని బానిసలకీ అదే అంటుకుంది. అందుకని "పెట్‌వే గారి డిజైన్" అంటే ఎవరిదో తేలదు, "గీస్ బెండ్ స్టయిల్" అంటే అసలే తేలదు, పూర్తి పేరు రాయాలి. పేర్ల దగ్గరా డబ్బు దగ్గరా అక్కడ గొడవలు కూడా అయ్యాయి, 2007లో ఆ ఊరి ఆడవాళ్లలో కొందరు కోర్టుదాకా వెళ్లారు.

ఇప్పుడు నీ ఫొటో సంగతి. ఆ నేరేడు పసుపు కూర్పు, ఆ వంపులు, పై మూలలో ఆ ఒంటరి ఎర్రముక్క, నువ్వు ఎక్కడో చూసే కుట్టావు. నాకు తెలుసు, ఎందుకంటే రెండు నెలల కిందట నువ్వే ఆ బొంత కుట్టిన పిల్ల పేజీ నాకు పంపించి "అత్తా, చూడు ఎంత బాగుందో" అన్నావు. చూసి కుట్టడం తప్పు కాదు, అందరం చూసే నేర్చుకున్నాం. పట్టీ కోయడం, వంపు కుట్టడం, ఇలాంటి పద్ధతుల మీద ఎవరికీ హక్కు లేదు, కానీ ఒక మనిషి కూర్చిన ఫలానా బొంత, తీసిన ఫొటో, అమ్ముకునే ప్యాటర్న్ కాగితం, అవి వాళ్లవే. ప్యాటర్న్ కొన్నావు కదా అని ఆ ఫైలు గ్రూపులో పెట్టెయ్యడం కూడా కుదరదు. చట్టం సంగతి అటుంచు, నీ బొంతని ఇంకొకరు తమదని పెడితే రాత్రి నిద్ర పట్టదు నీకు.

నీకు నీతులు చెప్తున్నాననుకోకు, ఈ తప్పు నేనూ చేశాను. మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లకి బొంత క్లాసు పెట్టాను, వీడియోల్లో చూసి నేర్చుకున్న పద్ధతి ఒకటి చెప్పాను. అడుగున చీర పరుచుకుని, మూల దగ్గర మొదలుపెట్టి, అంచుల వెంట ముక్కలు మడిచి కుట్టుకుంటూ చుట్టూ తిరిగి నడిమికి చేరడం, నాలుగు మూలలా మడిచిన ముక్కలతో చిన్న పువ్వులు. "ఇది మా నానమ్మల కాలం నాటిది" అనేశాను, గొప్పగా ఉంటుందని. క్లాసయ్యాక మూడో అంతస్తు కోడలు, కర్ణాటక అమ్మాయి, నెమ్మదిగా వచ్చి "ఆంటీ, ఇది సిద్దీల కవాండి కదా, మా యల్లాపూర్ వైపు కుడతారు" అంది. తల దించుకున్నాను. మా నానమ్మ కుట్టింది వేరే, చీరలు పొరలుగా పరిచి నిలువునా దూరపు కుట్లు, అంతే. సిద్దీలంటే ఎప్పుడో ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల సంతతి, హైదరాబాదులో నువ్వు రోజూ దాటే ఏసీ గార్డ్స్ అనే పేట పేరు కూడా నిజాం ఆఫ్రికా సైనికుల నుంచి వచ్చిందే. ఆ మూల పువ్వుల్ని వాళ్లు ఫులా అంటారు, అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు. మర్నాడు గ్రూపులో తప్పయిందని రాసి, కవాండి అనీ సిద్దీలదనీ చెప్పాను. ఒకావిడ "ఎవరిదైతే ఏంటండీ" అంది. ఆవిడకి నేను ఇంకా జవాబు ఇవ్వలేదు.

ఏం రాయాలో చెప్తాను. ఉన్నదున్నట్టు కుడితే "ఫలానా ఆవిడ బొంత చూసి కుట్టాను" అని రాయి, "స్ఫూర్తి" అనే మాటతో దాన్ని కప్పకు. పద్ధతి మాత్రం తీసుకుని కూర్పు నీదే అయితే "ఫలానా వాళ్ల దగ్గర నేర్చుకున్నాను" చాలు. పేరు దొరక్కపోతే వెతుకు, ఫొటోలు పోగేసి చూపించే సైట్లు మూలం కావు, అక్కడి నుంచి నొక్కుకుంటూ వెనక్కి పోతే చాలాసార్లు మనిషి దొరుకుతుంది. వాళ్ల ఫొటోనే వాడుకోవాలంటే ముందు అడుగు, ఒప్పుకోకపోతే వదిలెయ్. పేరు పోస్టు పైవరుసలోనే పెట్టు, ముప్ఫై హ్యాష్‌ట్యాగుల కింద దాచకు.

ఈ రాత్రికే పోస్టు మార్చు, తీసెయ్యకు. తీసేస్తే మా వాకింగ్ గ్రూపులో తిరిగే కాపీ మాత్రం నీ పేరుతోనే ఉండిపోతుంది. ఆ పిల్లకి ఒక మెసేజ్ పెట్టు, ఏం రాయాలో తోచకపోతే నాకు ఫోన్ చెయ్, పదకొండుదాకా మెలకువగానే ఉంటాను. అన్నట్టు ఆ నేరేడు గుడ్డ ఎక్కడ కొన్నావు? నా బొంతకి ఒక మూల ఫులాకి జానెడు తక్కువైంది.

మీ అత్త