చీకటిని తూచాలంటే వెలుతురు లెక్క ఎందుకు?

ప్రశ్న: కృష్ణబిలం నుంచి వెలుతురే బయటికి రాదు కదా! మరి ఎం87 గెలాక్సీ మధ్యలో ఉన్న కృష్ణబిలం బరువు కట్టడానికి ముందు ఆ గెలాక్సీలో నక్షత్రకాంతి ఎక్కడ ఎంత ఉందో లెక్కిస్తారని చదివాను. దానితో పనేంటి?
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: మా చిన్నప్పుడు కొట్లో నెయ్యి తూచే ముందు ఖాళీ గిన్నె తూకం వేసేవారమ్మా. ఇక్కడ ఆ గిన్నె నక్షత్రాలే. గెలాక్సీ నడిమధ్యన నక్షత్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూస్తే అక్కడున్న మొత్తం బరువు తెలుస్తుంది. అందులోంచి నక్షత్రాల వాటా తీసేయాలి. 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రాలను ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకే వాటి వెలుతురును కొలిచి, ఇంత వెలుతురుకు ఇంత బరువని కడతారు.

మధ్య నుంచి అంచుకు వెళ్లేకొద్దీ వెలుతురు ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని 1948లో ఫ్రాన్స్ ఖగోళ శాస్త్రవేత్త ద వోకులూర్ ఇచ్చారు. అర్జెంటీనాకు చెందిన సెర్సిక్ దానికి ఒక అంకెను చేర్చి, రకరకాల గెలాక్సీలకు సరిపోయేలా మార్చారు. ఎం87లో బయటి భాగానికి ఇది బాగానే కుదురుతుంది. లోపలికి వెళ్తే మాత్రం సూత్రం చెప్పినంత వెలుతురు ఉండదు, గ్రాఫులో గీత చదునుగా అయిపోతుంది. ఒకప్పుడు రెండు గెలాక్సీలు కలిసినప్పుడు వాటి కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరికొచ్చిన నక్షత్రాలను దూరంగా విసిరేశాయని ఎక్కువమంది నమ్మకం. లేని వెలుతురు కూడా ఆధారమే అన్నమాట! నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే.

ఆ చదును నాకూ దొరికిందని ఒకసారి సంబరపడ్డాను. ఆండ్రోమెడా అనే పెద్ద గెలాక్సీ పక్కనుండే చిన్న గెలాక్సీ ఎం32ని మా మిద్దె మీది 8 అంగుళాల టెలిస్కోపుతో ఫొటో తీసి గ్రాఫ్ గీస్తే మధ్యలో చక్కగా చదును వచ్చింది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల్లో చూస్తే అక్కడ వెలుతురు నడిమధ్య దాకా పెరుగుతూనే ఉంది. నా గ్రాఫులోని చదును మా ఊరి గాలి చేసిన మసక! మూడు రాత్రుల నిద్ర పోయింది. పైగా వీధిలైట్ల వల్ల ఆకాశానికి వచ్చిన వెలుగును తీసేయడం మరిచిపోయి, దాన్ని కూడా నక్షత్రాల ఖాతాలో వేశాను.

ఎం87తో ఇంకో చిక్కుంది. కృష్ణబిలం దగ్గర్నుంచి మహావేగంతో చిమ్మే కణాల ధార ఒకటుంది, దాని వెలుతురు నక్షత్రాలది కాదు. 1918లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కర్టిస్ చూసింది ఆ ధారనే. లెక్క వేసేటప్పుడు దాన్ని కప్పేయాలి.

ఇంత తంటా పడ్డాక 2011లో నక్షత్రాల లెక్క 660 కోట్ల సూర్యుల బరువని చెప్పింది. 2013లో మధ్యలో తిరిగే వాయువును బట్టి కడితే 350 కోట్లే వచ్చింది. 2019లో కృష్ణబిలం నీడ ఫొటో వచ్చాక తేలింది 650 కోట్లు.

ఏప్రిల్ చివర్లో రాత్రి పదింటికి ఎం87 మీ కడపకు దాదాపు నడినెత్తికి వస్తుంది. టెలిస్కోపు దొరికితే చంద్రుడు లేని రాత్రి చూడండి. మసక మచ్చలా కనిపిస్తుంది.