తాటిచెట్టు ఎత్తు 172 మిల్లీమీటర్లు

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మోడల్ రైళ్ల లేఅవుట్ల (బల్ల మీద పట్టాలు, స్టేషన్లు, చెట్లతో కట్టే చిన్న నమూనాల) కోసం వెదురు పుల్లలు, కాగితంతో తాటిచెట్లు, స్టేషన్ పేరు బోర్డులు చేస్తాడు. తెలిసినవాళ్లు ఒక్కో చెట్టు 60 రూపాయలకు కొంటున్నారు. దీన్నే చిన్న వ్యాపారంగా చేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఒప్పుకోండి. అయితే వారానికి ఆరు గంటలు దాటనివ్వకండి. మొదటి ఏడాది ఒక్క వస్తువే అమ్మమనండి, అది తాటిచెట్టే కానివ్వండి. పైన్, ఓక్ చెట్లు పెద్ద కంపెనీలు చేసి అమ్ముతూనే ఉన్నాయి. మన ఊళ్ల పక్కన పోయే లైను ఇంట్లో కట్టుకునేవాళ్లకు గట్టు మీద తాటిచెట్లు కావాలి. అవి కంపెనీ పెట్టెల్లో దొరకడం కష్టం. పేరు బోర్డు అయితే ప్రింటరున్న ప్రతివాడూ చేసుకోగలడు.

ముందు కొలత. మన దేశపు ఇంజన్ల మోడళ్లు ఎక్కువగా హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. పదిహేను మీటర్ల తాటిచెట్టు అందులో 172 మిల్లీమీటర్లు. బ్రిటన్ వాళ్లు వాడే ఓఓ స్కేలులో (1:76) 197, ఇంకా చిన్నదైన ఎన్ స్కేలులో (1:160) 94. అమ్మకం పేజీలో స్కేలు ఒక్కటే రాస్తే సరిపోదు, ఎత్తు మిల్లీమీటర్లలో రాయాలి. లేకపోతే వెనక్కి వచ్చే పార్సిళ్లు లాభాన్ని తినేస్తాయి.

ఎత్తు కుదిరినా ఆకు దగ్గర పని చెడుతుంది. ఇరవై మిల్లీమీటర్ల ఆకు కత్తిరిస్తే అసలు చెట్టు మీద అది 1.74 మీటర్లు. అప్పుడు చెట్టు గొడుగులా కనబడుతుంది. ఆకు 14 దగ్గర ఆపాలి, చెట్టుకు ముప్పై దాకా పెట్టాలి. మట్టకు పాత కరెంటు వైరులోని సన్నని రాగి పోగు చాలు. కాగితానికి కత్తిరించకముందే రెండు వైపులా రంగు వేయాలి. ఒకవైపే వేస్తే వానాకాలం తేమకు ఆకు చుట్టుకుపోతుంది. మొదలు దగ్గర 7, పైన నాలుగున్నర మిల్లీమీటర్ల మందం వచ్చేలా పుల్లకు ఫెవికాల్ తడిపిన టిష్యూ కాగితం చుట్టాలి. పచ్చని ఆకుల కింద ఐదారు ఎండాకులు గోధుమరంగులో వేలాడదీస్తే, అడుగు దూరం నుంచి చూసినా అది మన పొలంగట్టు తాటిచెట్టే.

రంగు మాత్రం యాక్రిలిక్ తప్ప మరొకటి వద్దు. పోస్టర్ కలర్ చవకే, కానీ నీళ్లు తగిలితే కరుగుతుంది. కొన్నవాళ్లు చెట్టు నాటాక చుట్టూ కంకర, గడ్డి అంటించడానికి నీళ్లు కలిపిన జిగురు చల్లుతారు. పోస్టర్ కలరైతే ఆకుపచ్చ కారి పట్టాల మీద పడుతుంది. అలాంటి ఒక్క ఫొటో బయటికొస్తే ఆ చెట్టు మళ్లీ ఎవరూ కొనరు.

ఇప్పుడు ధర. మూడు చెట్ల ప్యాక్ లెక్క చూడండి: సరుకు 45, పెట్టె 35, పాడైపోయేవాటి కింద 25 రూపాయలు. చెట్టుకు అరగంట చొప్పున గంటన్నర పని. 60 చొప్పున మూడింటికి 180 వస్తే, ఖర్చులు పోను మిగిలేది 75. అంటే గంటకు 50 రూపాయల కూలి. చేతినైపుణ్యానికి అది చాలా తక్కువ. గంటకు 120 వేసుకున్నా ప్యాక్ 285 పడుతుంది. ఆన్‌లైన్ కమిషనూ లాభమూ కలిపి 400 పెట్టాలి, పోస్టేజీ వేరే. ఆ అరగంట కూడా పన్నెండు చెట్లు ఒకేసారి మొదలుపెడితేనే సాధ్యం. ఒక్కొక్కటిగా చేస్తే రంగు ఆరేదాకా కూర్చోవడానికే సమయం పోతుంది.

ప్యాకింగు: చెట్ల మొదళ్లు థర్మాకోల్‌లో గుచ్చి, మందపాటి అట్టపెట్టెలో పెట్టి, మీటరు ఎత్తు నుంచి నాలుగు మూలల మీదా పడేసి చూడమనండి. తర్వాత ఒకటి మీ ఇంటికే స్పీడ్ పోస్టులో పంపించి విప్పి చూడండి.

పద్దెనిమిది నిండేదాకా అతను చేసుకునే ఒప్పందం చట్టరీత్యా చెల్లదు కాబట్టి ఆన్‌లైన్ ఖాతా, బ్యాంకు ఖాతా మీ పేరున ఉండాలి. ఇతర రాష్ట్రాలకు అమ్మితే, టర్నోవరు ఎంత తక్కువైనా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. నోటిఫై చేసిన చేతివృత్తి వస్తువులకే మినహాయింపు. ఇది ఆ జాబితాలోకి వస్తుందో లేదో ఆడిటరును అడగండి. ఎక్కడా ‘బొమ్మ’ అని రాయొద్దు. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. పెద్దల కోసం చేసిన స్కేల్ మోడల్ అని పెట్టె మీదే స్పష్టంగా రాయాలి.

ఇక చదువు. దీంతో నెల జీతమంత రాదు, ఇంటర్ మానే ఆలోచన వద్దు. కానీ కొలత, ఓపిక, ధర లెక్క తెలిసిన పిల్లవాడు డిజైన్ కోర్సుకు బాగా సరిపోతాడు. ఈఏపీసెట్‌తో పాటు డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్ కూడా రాయించండి, ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ సీట్లు దాని ద్వారానే. జాతీయ డిజైన్ సంస్థ అయిన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌కు వేరే పరీక్ష ఉంటుంది, రెండో దశలో చేతులతో చేసి చూపించాలి. అందుకే ఇప్పటినుంచే ప్రతి చెట్టునూ పుల్ల దశ, చుట్టిన దశ, ఆకులు పెట్టిన దశ అని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ వేసి దాచమనండి. విరిగిపోయినవి కూడా.