మా వాడు చెరువు మీదే ఉంటానంటున్నాడు

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు. పదహారేళ్ల కొడుకు పదో తరగతిలో లెక్కలు, సైన్సు తప్పి బడి వదిలేశాడు, రొయ్యల చెరువు మీద కాపలాకి కుదిరి మొదటి జీతం అమ్మ చేతిలో పెట్టాడు. "మగపిల్లాడు, ఎలాగోలా బతుకుతాడులే" అంటున్నారట ఇంట్లో అందరూ. అత్తగారైతే "వాడే చదవలేదు, దీనికెందుకు" అని తొమ్మిదిలో ఉన్న కూతుర్ని మాన్పించి సంబంధం చూద్దామంటున్నారు.

అమ్మా, ఆ జీతం చేతిలో పడ్డప్పుడు మీకు ఏడుపొచ్చిందని రాశారు చూడండి, ఆ ఏడుపే సరైనది. ఆడపిల్ల బడి మానేస్తే అయ్యో అనేవాళ్లు ఊళ్లో నలుగురైనా ఉంటారు, మగపిల్లాడు మానేస్తే డబ్బు ఇంటికొస్తుంది కాబట్టి ఎవరూ అడగరు. 2021-22లో కేంద్ర విద్యాశాఖ లెక్క చూస్తే 9, 10 తరగతుల్లో బడి మానేసిన మగపిల్లలు నూటికి 13 మంది, ఆడపిల్లలు 12.3. మన డెల్టాలో చెరువులు, ఐస్ ఫ్యాక్టరీలు, లారీలు, పదిహేనేళ్లవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది, అదే వాణ్ణి లాగేస్తుంది.

మా పెద్దమ్మ కొడుకు ఇలాగే పదిలో మానేశాడు. తెల్లవారుజామున నాలుగింటికి, నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ, నీళ్లకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదోనని టార్చి పట్టుకుని గట్టు మీద తిరిగేవాడు. ఇప్పుడు నలభై దాటాయి, ఇంకా మేత బస్తాలు మోస్తూ అదే గట్టు మీద ఉన్నాడు. నీళ్లు పరీక్ష చేసి మందు చెప్పేది మాత్రం డిప్లొమా చేసొచ్చిన కుర్రాడు.

మీ వాడికి చెరువంటే ఇష్టమైతే వద్దనకండి, ఆ ఇష్టాన్నే పట్టుకోండి. పది పాసైతే కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో చేపలు, రొయ్యల పెంపకంలో డిప్లొమా ఇచ్చే ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది. తప్పిన రెండు సబ్జెక్టులకే ఫీజు కట్టి రాయొచ్చు, మళ్లీ బడికెళ్లి చిన్నపిల్లల మధ్య కూర్చోనక్కర్లేదు. నాకు తెలిసి వాడి అసలు టెన్షన్ అదే, స్నేహితులంతా ఇంటర్‌కి వెళ్లిపోయారు కదా. తిట్టకుండా, అన్నం పెట్టేటప్పుడు ఒక్కసారి ఈ మాట అడగండి.

కూతురి విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. అన్న తప్పిన సబ్జెక్టులకి చెల్లికి శిక్షేంటి? పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకి పెళ్లి చేయడం 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం, ఆ సంగతి అత్తయ్యగారికి మీ ఆయన చేత చెప్పించండి, మీరు చెబితే కోడలు ఎదురు తిరిగిందంటారు. అప్పటికీ పెళ్లి మాట ముదిరితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇక ఈ ఆదివారం చెరువు యజమాని దగ్గరికి మీరే వెళ్లండి. పరీక్షలయ్యేదాకా వాడికి రాత్రి కాపలా వేయొద్దని అడగండి. అటునుంచి అటే హెడ్మాస్టరు గారింటికెళ్లి ఫీజు గడువు కనుక్కుని రండి.