పాత హైదరాబాదు ఫొటోల మీద రాయబోయే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ తీసిన హైదరాబాదు ఫొటోలపై నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధ కనిపించింది, సంతోషించాను. అయితే "వైభవం" అన్న మాట వాడిన ప్రతిచోటా నీ చూపు ఫొటో మీది నుంచి జారిపోయింది.

దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసిన మనిషి. స్తంభం ఒరగకుండా, గది పొడవు కంటికి అందేలా కెమెరా నిలిపే నేర్పు అక్కడే అబ్బిందని నా నమ్మకం. మహళ్ల లోపల కిటికీలలోంచి వచ్చే వెలుతురే ముఖ్యమైన ఆధారం కనుక, గాజుపలక మీద బొమ్మ పడేదాకా కటకాన్ని చాలాసేపు తెరిచి ఉంచవలసి వచ్చేది, ఆలోగా కదిలిన మనిషి మసకబారిపోయేవాడు. ఆ ఖాళీ గదులను నీవు "నిర్జన సౌందర్యం" అన్నావు. షాండ్లియర్లు తుడిచినవారు, తివాచీలు పరిచినవారు ఆ గదిలో లేకపోవడానికి కారణం కెమెరా, దాన్ని పిలిపించిన దర్బారు. నీ పాఠకుడికి ఆ సంగతి తెలియాలి.

తేదీ విషయంలో తొందరపడకు. చార్మినారుకు గడియారాలు 1889లో అమర్చారు. అవి లేని ఫొటో అంతకు ముందుది. మూసీ ఒడ్డున హైకోర్టు భవనం కనిపిస్తే అది 1908 వరద తర్వాతి నగరం, 1905లో కన్నుమూసిన దీన్‌దయాళ్ తీసినది కానేకాదు. ఫలక్‌నుమాను నీవు నిజాం నివాసమన్నావు, కాని దాన్ని కట్టించినది హైదరాబాదు దివానుగా పనిచేసిన వికారుల్ ఉమ్రా. ఆరో నిజాం చేతికి వచ్చినది 1890ల చివర. ఫొటో తీసిన నాటికి ఆ ఇల్లు ఎవరిదో ముందు తేల్చుకో.

గాజు నెగెటివ్‌ను తిరగేసి అచ్చువేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. అలాంటి ప్రతిని నమ్మి నేనొకసారి ఒక మహలు మెట్లను లేని దిక్కున వర్ణించాను. ఆ తప్పు అచ్చులో ఇప్పటికీ ఉంది, నన్ను బాధిస్తూనే ఉంది. గోడ మీద ఉర్దూ రాత ఏదైనా దొరికితే అది సరిగా చదవవస్తోందో లేదో చూడు. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఉన్నాయి. వీలైతే ఒక్కసారి వెళ్లిరా.

ఇక నీ వ్యాసంలోని బషీర్‌బాగ్ పేరా. మరో దివాను అస్మాన్ జా కట్టించిన ఆ మహలు ఇప్పుడు లేదు, ఆ పేటకు పేరు మాత్రం మిగిలింది. నిలిచి ఉన్న చౌమహల్లా గురించి నీవు పొరబడితే పాఠకుడు వెళ్లి చూసి దిద్దుకోగలడు, కూలిన మహలు గురించి పొరబడితే దిద్దే గోడ లేదు. ఫొటోలో ఉన్న కుర్చీలు, అద్దాలు, తెరలు లెక్కపెట్టి, వెలుతురు ఏ పక్కనుంచి పడిందో చూసి, ఆ ఒక్క పేరా తిరిగి రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన