కళ్లలోకి చూసి మాట్లాడుతుంది, అయినా ఆటిజమా?

ఉండొచ్చండీ. పదకొండేళ్ల పాప బడిలో బుద్ధిగా ఉంటుంది, ఇంటికి రాగానే యూనిఫాం విసిరికొట్టి గంటసేపు ఏడుస్తుంది అని రాశారు. డాక్టరు గారు "కళ్లలోకి చూస్తోందిగా, ఆటిజం కాదు" అని తేల్చేశారన్నారు. ఆ ఒక్క ముక్కతో కాదనడం కుదరదు. నేర్చుకున్న పద్ధతుల చాటున లక్షణాలు దాగిపోవచ్చని మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే ప్రామాణిక పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5లోనే ఉంది. ఆడపిల్లల్లో ఇది తరచూ కనిపిస్తుంది: తోటిపిల్లల్ని చూసి అరక్షణం ఆలస్యంగా నవ్వడం, ఆటకు ముందే మాటలు వల్లెవేసుకోవడం.

రెండు వారాలు రాసిపెట్టండి: ఏడుపుకు ముందు ఏ శబ్దం, ఏ బట్ట, ఏ మార్పు, ఎంతసేపు. పసితనపు పాత వీడియోలు వెతికి పెట్టుకోండి. పరీక్షించేవాళ్లు చిన్నప్పటి ఆనవాళ్లు తప్పక అడుగుతారు. టీచర్ ఇచ్చే "సమస్యేం లేదు" కాగితం ఒక్కటే పట్టుకెళ్తే మళ్లీ పాత జవాబే. పిల్లల క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) కూడా పరీక్షించమనండి, అవి ఆటిజంతో కలిసీ ఉంటాయి. ఈలోగా బడి నుంచి రాగానే ప్రశ్నలు, ట్యూషన్ వద్దు.